‘మినహాయించు’ అనే మాటకు వాడుకలు

జూన్ 2, సోమవారం

కొత్త పదం ఇచ్చారు. మినహాయించు.

పోయిన నెలంతా ‘మింగు’తో గడిచింది. మాత్ర మింగడం దగ్గర మొదలై అవమానం మింగడం దాకా ముప్పై ఒక్క అర్థాలు తేలాయి. దాని ముందు ఇది నల్లేరు మీద బండి నడక అనుకున్నాను. కామాగారు మాత్రం నవ్వలేదు. చిన్న పదాలే చిక్కులు పెడతాయమ్మా, నెలాఖరుకి నా టేబుల్ మీద ఉండాలి అన్నారు. ఆయన మా నిఘంటువు ఆఫీసుకి పెద్ద. మనం మూడు పేజీలు రాసిస్తే ఒక్క మాట కూడా మార్చకుండా ఇరవై కామాలు పెట్టి తిరిగి ఇస్తారు. అందుకని ఆ పేరు. ఆయనకీ తెలుసు.

మా ఆఫీసు పద్ధతి ఒకటుంది. పుస్తకాల్లోంచి వాడుకలు ఏరకూడదు. చెవిన పడ్డవే కావాలి. ఒక్కో అర్థానికి కనీసం మూడు. విన్న ప్రతి వాక్యానికీ ఒక కార్డు. పైన పదం, మధ్యలో వాక్యం, కింద తేదీ, ఆ కింద ‘చెప్పినవారు’ అని ఒక గీత. ఆ గీత మీద పేరు వద్దు, వరస కావాలి. చెప్పిన మనిషి రాసేవాళ్ళకి ఏమవుతారో రాయాలి. మనిషి పరాయివాళ్ళ దగ్గర మాట్లాడినట్టు ఇంట్లో మాట్లాడడు కదా, అది తెలియకపోతే వాడుక సగమే తెలిసినట్టు అని కామాగారి వాదన. పదమూడేళ్ళుగా ఇదే పని. ఆ అలవాటు ఈ డైరీలోకి కూడా పాకింది. ఎవరి పేర్లూ రాయను.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మావారి కూతురు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుంది. అంటే నాతో పని ఉందని అర్థం. ఇస్త్రీపెట్టె ప్లగ్ కాలిపోయిందట.

నేనీ ఇంటికి వచ్చి రెండేళ్ళ రెండు నెలలు. ఆ పిల్ల ఇంతవరకు నన్ను ఏమనీ పిలవలేదు. అమ్మా అనలేదు. పిన్నీ అనలేదు. ఆఖరికి ఆంటీ కూడా అనలేదు. దగ్గుతుంది. లేదా ఎదురుగా వచ్చి నిలబడుతుంది. నేను వంటింట్లో ఉంటే గిన్నె మీద మూత కాస్త గట్టిగా పెడుతుంది. ఒకసారి బాత్రూమ్‌లో నీళ్ళు ఆగిపోతే గోడ మీద మూడుసార్లు తట్టింది. వాళ్ళ నాన్నని, నానమ్మని నువ్వు అంటుంది. నన్ను మీరు అంటుంది. తిన్నారా, వస్తారా, ఇస్తారా. ఎక్కడా మర్యాద తప్పదు.

పదహారేళ్ళ పిల్ల. తల్లి పోయి నాలుగేళ్ళు. తప్పు పట్టడం లేదు. ఉన్నమాట రాసుకుంటున్నాను.

జూన్ 4, బుధవారం

ఒక్క వాడుక దొరకలేదు. పదం వెతకడం మొదలుపెట్టగానే ఊరంతా మూగనోము పడుతుంది.

జూన్ 7, శనివారం

ఒక్కరోజులో నాలుగు! కరువు తీరింది.

పొద్దున దర్జీ. గౌను అయిపోయిందా అని అడిగితే, చేతులు మినహాయిస్తే అయిపోయినట్టే అన్నాడు. ఆ గౌను రెండు వారాలుగా చేతులు లేకుండానే వేలాడుతోంది.

మధ్యాహ్నం అత్తగారు ఆస్పత్రి నుంచి వచ్చి కుర్చీలో కూలబడ్డారు. డాక్టరు ఉప్పు పూర్తిగా మానెయ్యమన్నాడట. ఆ డాక్టర్ని మినహాయిస్తే ఆస్పత్రి బాగానే ఉంది అన్నారు. ఫ్యాను వేసి, నీళ్ళిచ్చి, కార్డు రాసుకున్నాను.

భోజనాల దగ్గర మావారు. ఈయనది లిఫ్టులు బాగుచేసే పని. కొత్తగా కాంట్రాక్టు తీసుకున్న భవనంలో నాలుగో అంతస్తు మినహాయించి అన్ని చోట్లా లిఫ్టు ఆగుతోందట. నాలుగులో ఉన్నవాళ్ళు ఐదులో దిగి మెట్లు దిగి పోతున్నారట. మనుషులు దేనికైనా అలవాటు పడతారే అన్నారు.

నాలుగోది రేడియో దగ్గర. వార్తలు వచ్చేటప్పుడు ఇంట్లో ఎవరూ కిక్కురుమనకూడదని అత్తగారి శాసనం. మనవరాలు మాత్రం అదే గదిలో ఫోన్లో పకపకా నవ్వుతోంది. ఏంటమ్మా ఇది అని మావారు అడిగితే, దాన్ని మినహాయించాన్లే, దాని నవ్వు కూడా వార్తే అన్నారు అత్తగారు. ఇది రెండో అర్థం. లెక్కలోంచి తీసెయ్యడం కాదు, నియమం నుంచి వదిలిపెట్టడం. దయతో చేసేది.

ఆలోచిస్తే నేనూ ఆ పిల్లకి అన్నీ మినహాయించాను. కంచం తియ్యమనను. మంచం మీద తడి తువ్వాలు పడేసినా నేనే తీసి ఆరేస్తాను. రెండేళ్ళలో ఒక్కసారి కూడా కోప్పడలేదు. సవతి తల్లి అంటే లోకానికి ఎంత తేలికో నాకు తెలుసు. ఆ మాట రానివ్వకూడదని మొదటిరోజే అనుకున్నాను. రానివ్వలేదు.

జూన్ 9, సోమవారం

పిల్ల వాళ్ళ పెద్దమ్మ ఫోన్ చేశారు. పోయినావిడకి స్వయానా అక్క. నేను అక్కయ్యా అంటాను, ఆవిడ నన్ను చెల్లీ అంటారు. వేరే ఊళ్ళో నర్సు. ఒక్కరే ఉంటారు.

పిల్ల వచ్చే రెండేళ్ళ చదువూ తన దగ్గర ఉండి చదువుకోవచ్చుగా అని అడిగారు. కాలేజీ ఇంటికి నాలుగు అడుగుల దూరమట. గది ఖాళీ చేసి టేబుల్ కూడా కొన్నారట. సీటు ఖాయం చెయ్యడానికి ఆఖరి రోజు ఇరవై ఎనిమిది.

ఫోన్ స్పీకర్‌లో ఉంది. అందరం విన్నాం. ఇక్కడి కాలేజీలోనూ సీటు వచ్చే ఉంది, దానికీ ఇరవై ఎనిమిదే ఆఖరు. పిల్ల ఉతికిన దుప్పట్లు మడతపెడుతోంది. మావారు, నీ ఇష్టం తల్లీ అన్నారు. అత్తగారు, నీ ఇష్టమే మా ఇష్టం అన్నారు. పిల్ల మడత ఆపి నావైపు చూసింది. నీ ఇష్టం అన్నాను నేను కూడా.

వెళ్ళొద్దు అనాలని ఉంది. నాలిక చివరిదాకా వచ్చింది. అనడానికి నేనెవరిని? ఆ పిలుపులో ఉన్నది ఆ పిల్ల రక్తం. నేను రెండేళ్ళ రెండు నెలల మనిషిని.

జూన్ 12, గురువారం, ఉదయం 6

పిల్ల వెళ్ళిపోతే ఇంట్లో ఏమేం ఉండవో లెక్కేసుకుంటూ మెలకువ వచ్చింది. అద్దం ముందు దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు. సగం తాగి కిటికీలో మరిచిపోయిన కాఫీ కప్పులు. తలుపు దగ్గర దగ్గు.

నేను ఈ ఇంటికి వచ్చిన రోజే ఒక నియమం పెట్టుకున్నాను. ఆవిడ చోటు ఆక్రమించకూడదు. ఆవిడ బీరువా నేను తెరవలేదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చోలేదు. పిల్లని బయట ఎవరి దగ్గరా మా అమ్మాయి అని చెప్పుకోలేదు. బ్యాంకులో ఒకావిడ పిల్లలెంతమంది అని అడిగితే, మావారికి ఒక అమ్మాయి ఉంది అన్నాను. పిల్ల పక్కనే ఉంది. వినాలనే అలా అన్నాను. తన మీద హక్కు చూపించడం లేదని తెలియాలి కదా.

జూన్ 12, సాయంత్రం

కాఫీ కప్పు కిటికీలో ఉంది. కడిగాను.

జూన్ 16, సోమవారం

కామాగారు నా అర్థం తిప్పి పంపారు. ‘లెక్కలోకి తీసుకోకుండా వదిలివేయు’ అని రాశాను. ఒక్క కామా కూడా పెట్టలేదు, అంటే ఆయనకి నిజంగానే నచ్చలేదు. పిలిచి కూర్చోబెట్టి అడిగారు. మీ ఇంట్లో ఎన్ని పిల్లులున్నాయమ్మా? లేవండి అన్నాను. సరే, ఉన్నాయనుకో, నాలుగు. ఆ నాలుగు పిల్లుల్లోంచి పక్కింటి కుక్కని మినహాయిస్తావా? ఎలా మినహాయిస్తానండీ, అది లెక్కలోనే లేదు కదా అన్నాను. అదే నేను చెప్పేది అన్నారు. ముందు లోపల ఉండాలి, అప్పుడే బయటపెట్టగలం. ఊరికే కలపకపోవడానికి ఈ మాట చెల్లదు, ఇందులో పని ఉంది, పనిగట్టుకుని చెయ్యాలి అన్నారు.

‘లెక్కలో ఉన్నదానిని కావాలని పక్కన పెట్టు’ అని మార్చాను. మూడు కామాలు పెట్టారు. ఆమోదం.

బస్సులో అంతా అదే ఆలోచన. ఒక మనిషితో ఒకే ఇంట్లో ఉంటూ రెండేళ్ళు ఏమనీ పిలవకుండా గడపడమంటే మాటలా? రోజుకి పదిసార్లయినా వాక్యం ముందే అల్లుకోవాలి. దగ్గు ఎప్పుడు దగ్గాలో చూసుకోవాలి. పరాయిదాన్నయితే హాయిగా ఆంటీ అని పారేసేది. ఇంత కష్టపడుతోందంటే నేను ఎక్కడో లోపలే ఉన్నానేమో. పక్కింటి కుక్కనైతే కాదు.

ఇలా అనుకుని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నానని కూడా తెలుసు.

జూన్ 18, బుధవారం

పిల్ల తీసుకెళ్ళాల్సిన సామాన్ల జాబితా రాస్తోంది. వెళ్తానని అనలేదు. వెళ్ళనని అనలేదు. జాబితా రాస్తోంది. నేను తన బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను. ఇద్దరం ఒకే గదిలో ఒకే పని చేస్తున్నాం, ఇద్దరికీ ఇష్టం లేని పని అనిపించింది. నాకైతే లేదు.

మాటల మధ్యలో, నైట్ డ్యూటీలు మినహాయిస్తే పెద్దమ్మ రోజూ ఇంట్లోనే ఉంటుందట అంది. కార్డు రాసుకున్నాను. చెప్పినవారు: విద్యార్థిని, 16.

జూన్ 21, శనివారం

పని చాలా మిగిలిపోయి కార్డుల పెట్టె ఇంటికి తెచ్చాను. ‘మి’ మొదలు ‘మీ’ చివరిదాకా ఉన్న పెట్టె, రెండేళ్ళ కార్డులు. టేబుల్ మీద పరిచేసరికి పిల్ల వచ్చి నిలబడింది. సాయం చెయ్యనా అంది. అక్షర క్రమంలో పెట్టమన్నాను. చేతులు ఎంత చురుకో! నేను పది పెట్టేలోపు ముప్పై పెట్టింది. కార్డుల మీద వాక్యాలు చదివి నవ్వుతోంది. ‘మిడిసిపడు’కి నానమ్మ చెప్పిన వాక్యం చూసి కింద కూర్చుని మరీ నవ్వింది. ఇంత నవ్వు నా ఎదురుగా ఎప్పుడూ నవ్వలేదు. మనసు నిండిపోయింది.

చెప్పినవారు అంటే ఏంటని అడిగింది. వరస రాయాలని, పేరు రాయకూడదని, మనకి ఏమవుతారన్నదే ముఖ్యమని చెప్పాను. పాఠం చెప్పినట్టు చెప్పాను. ఓహో అంది. తర్వాత కార్డులు వేగంగా తిప్పడం మొదలుపెట్టింది. నవ్వడం ఆపేసింది. కొన్ని కార్డులు తీసి పక్కన పెట్టింది, మళ్ళీ వాటిని వాటి చోట్లలోనే దూర్చింది. పని మొత్తం పూర్తిచేసి, అంచులు సమంగా తట్టి, మూత పెట్టి లేచి వెళ్ళిపోయింది. రాత్రి భోజనానికి తలనొప్పి అంది.

ఏమైందో అర్థం కాలేదు.

జూన్ 22, ఆదివారం, ఉదయం 7

అర్థమైంది.

పొద్దున్నే పెట్టె తీసి మొదటి నుంచి చూశాను. చెప్పినవారు: అత్తగారు. చెప్పినవారు: భర్త. చెప్పినవారు: పెదనాన్న గారి కోడలు. రోజూ పాలు పోసే ఆయన. పాత ఇంటి ఓనరు తమ్ముడు. తోటి ఉద్యోగి. ఊళ్ళో ఉన్న ప్రతివాళ్ళూ నాకేదో అవుతున్నారు.

ఆ పిల్ల మాటలు పదకొండు. విద్యార్థిని, 14. విద్యార్థిని, 15. ఒక అమ్మాయి, 15. ఒకచోట ఏం రాశానంటే, ఇంట్లో ఉండే అమ్మాయి.

ఇంట్లో ఉండే అమ్మాయి!

నేను ఒదిగి ఉంటున్నాను అనుకుని రాశాను. దేవుడా, నా చేత్తో నేను రాశాను. ఒక్కసారి కాదు, పదకొండుసార్లు.

జూన్ 22, మధ్యాహ్నం

తన గది తలుపు తట్టాను. లోపలికి రమ్మంది. ఆ కార్డులు తప్పుగా రాశాను అని మొదలుపెట్టానో లేదో, అంతే, కట్ట తెగింది.

ఇంట్లో ఉండే అమ్మాయినట, పేయింగ్ గెస్టునా అంది. పాలాయన కూడా ఏదో అవుతాడు, నేను మాత్రం విద్యార్థినిని. బ్యాంకులో ఆవిడకి ఏమని చెప్పావు, మావారికి ఒక అమ్మాయి ఉంది అని. నేను పక్కనే ఉన్నా. నానమ్మ నన్ను తిడుతుంది. నాన్న తిడతాడు. పెద్దమ్మయితే ఫోన్లోనే ఉతికి ఆరేస్తుంది. నువ్వు ఒక్కసారైనా తిట్టావా? తడి తువ్వాలు రోజూ కావాలనే మంచం మీద పడేస్తున్నా. రోజూ. ఏదో ఒకరోజు అరుస్తావేమో అని. తీసి ఆరేస్తావు. చుట్టాలొస్తే చేస్తారే, అలా చేస్తావు.

నువ్వు కూడా నన్నెప్పుడూ ఏమనీ పిలవలేదు కదా అన్నాను. అనకూడని సమయంలో అన్నాను, చిన్నపిల్లతో వంతుకి వంతు వేసుకున్నట్టు.

ఏమని పిలవాలో ఎవరు చెప్పారు అంది. అమ్మా అంటే అమ్మ ఏమనుకుంటుందో. పిన్నీ అంటే నువ్వేమనుకుంటావో. తప్పు మాట అనేకంటే ఖాళీ వదిలేయడం నయం కదా, పరీక్షలో కూడా అంతే కదా అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, పెద్దమ్మ ఫోన్ చేసిన రోజు మీ ముగ్గురినీ చూశాను, ఒక్కరైనా వెళ్ళొద్దు అంటారేమోనని, ముగ్గురూ నీ ఇష్టం అన్నారు అంది.

అప్పుడు చెప్పాల్సింది. అక్కడే, ఆ క్షణమే. పొయ్యి మీద పాలు పొంగిన వాసన వచ్చింది. పాలు అని పరిగెత్తాను. పాల కోసం పరిగెత్తిన మనిషిని నేను. తిరిగి వచ్చేసరికి పిల్ల నానమ్మ పక్కన పడుకుని గోడవైపు తిరిగి ఉంది.

జూన్ 22, సాయంత్రం

ఇప్పుడు పైన రాసింది చదువుకుంటే కనిపించింది. ఆ అరుపులో ఎక్కడా మీరు లేదు.

జూన్ 24, మంగళవారం

మావారికి అంతా చెప్పాను. చాలాసేపు చేతులు తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆ గ్రీజు ఎంత తుడిచినా పోదు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు ఎప్పుడు తెరుస్తారని ఎక్కువగా అడగరే అన్నారు. ఉన్నారా అని అడుగుతారు. బయట ఎవరైనా ఉన్నారా అని. మేం పని చేసుకుంటూనే ఉన్నాం, ఉన్నాం అంటూ ఉండాలి. తలుపు తెరవడానికి గంట పట్టినా పర్వాలేదు, ఆ మాట ఆపకూడదు. ఆపితే లోపల ఏడుపు మొదలవుతుంది.

ఇంత తెలిసినవారు పిల్లకి నీ ఇష్టం అని ఎలా చెప్పారు అని అడిగాను. ఆ తలుపు వెనక ఉన్నది మన పిల్లే అని తట్టలేదు, తన ఇష్టానికి అడ్డుపడకూడదు అనుకున్నాను అన్నారు. ఇద్దరికి ఇద్దరం సరిపోయాం.

జూన్ 25, బుధవారం

పిల్ల సూట్‌కేసు కిందికి దించింది.

జూన్ 26, గురువారం

ఆ పదకొండు కార్డులు దిద్దాలి. కానీ మా ఆఫీసులో కార్డు దిద్దడం అంత తేలిక కాదు. ఒకసారి రాసినదాని మీద ఎవరు ఏం మార్చినా కామాగారి పొట్టి సంతకం ఉండాలి. అందుకని పదకొండూ పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను. ‘చెప్పినవారు’ దిద్దాలండీ అన్నాను.

ఒక్కొక్కటీ చదివారు. కళ్ళద్దాలు తీశారు. నిబంధన ప్రకారం ఒకటి అడగాలమ్మా అన్నారు. అప్పటి వరస వేరు, ఇప్పుడు మారింది అంటే దిద్దడానికి లేదు. రాసిననాటి నిజం రాసిననాటిదే, కార్డు అలాగే ఉండాలి. అప్పుడే తప్పు రాసి ఉంటే మాత్రం దిద్దొచ్చు. మరి మారిందా? అప్పుడే తప్పా?

మొదటి కార్డు తేదీ చూశాను. నేను ఆ ఇంటికి వచ్చిన పదిహేడో రోజు. ఆ రోజు పిల్లకి జ్వరం. ‘మిణుకుమను’కి వాడుక అది. దీపం మిణుకుమంటోంది, ఆర్పకండి, ఇక్కడే కూర్చోండి అంది నాతో. కూర్చున్నాను. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. తెల్లారి ఆఫీసుకి వచ్చి విద్యార్థిని అని రాశాను.

అప్పుడే తప్పండీ అన్నాను.

ఇంకేమీ అడగలేదు. పెన్ను నా చేతికిచ్చారు. పదకొండు చోట్ల కొట్టేసి, పదకొండు చోట్ల కూతురు అని రాశాను. ఆయన పదకొండు సంతకాలు పెట్టారు. ఎక్కడా కామా పెట్టలేదు. మెట్ల మీదికి వెళ్ళి ఏడ్చాను. టైపిస్టు వచ్చి ఏమైంది అక్కా అంది. మా అమ్మాయి ఊరు వెళ్ళేలా ఉంది అన్నాను. మొదటిసారి అన్నాను ఆ మాట.

జూన్ 27, శుక్రవారం, ఉదయం 6.30

సమయం సందర్భం చూసుకుంటే ఈ జన్మలో చెప్పలేనని తెలిసిపోయింది. అందుకని పళ్ళు తోముకుంటుంటే వెళ్ళి చెప్పేశాను.

వెళ్ళొద్దు. నీ ఇష్టం అన్నది అబద్ధం. నాకు ఇష్టం లేదు. పెద్దమ్మ మంచిదే, కాలేజీ మంచిదే, అయినా వెళ్ళొద్దు. నువ్వు లేకపోతే నేను ఉండలేను. ఇలా అడగడానికి నాకు హక్కుందో లేదో తెలియదు, అడుగుతున్నాను. నన్ను ఏమనీ పిలవకపోయినా సరే. జీవితాంతం దగ్గు. ఇక్కడే ఉండి దగ్గు.

నోటి నిండా నురగ. ఉమ్మలేదు, కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి. చివరికి ఆ నురగతోనే ఏదో అంది. అర్థం కాలేదు. పుక్కిలించి వచ్చి, ఆలోచిస్తా అంది. గది తలుపు వేసుకుంది.

ఆఫీసుకి బయల్దేరాను. బస్టాపుకి వచ్చాక చూసుకుంటే రెండు కాళ్ళకీ వేర్వేరు జతల చెప్పులు ఉన్నాయి.

జూన్ 28, శనివారం

పొద్దున పదింటికి పిల్ల తనే ఫోన్ చేసింది. బాల్కనీలో నిలబడి చాలాసేపు మాట్లాడింది. తలుపు అద్దంలోంచి వీపు తప్ప ఏమీ కనిపించలేదు. అత్తగారు రేడియో కట్టేశారు. వార్తల మధ్యలో! మావారు బూట్లు వేసుకుని, విప్పి, మళ్ళీ వేసుకున్నారు.

లోపలికి వచ్చి, ఇక్కడే చదువుతా, సెలవులకి మొత్తం పెద్దమ్మ దగ్గరికే, అలా అయితేనే ఒప్పుకుంది అంది. నాకు ఫోన్ ఇచ్చింది. నీతో మాట్లాడాలట అంది.

అక్కయ్యని ఎలా ఓదార్చాలో తెలియలేదు. ఆవిడ కొన్న టేబుల్ గుర్తొచ్చింది. ఆవిడే మాట్లాడారు. చెల్లి పోయినప్పటి నుంచీ దాన్ని ఎవరో ఒకరు గట్టిగా పట్టుకుంటే బాగుండు అనుకున్నాను, ఎవరూ పట్టుకునేలా లేరని నేను చెయ్యి చాచాను, అడిగావటగా, సంతోషం అన్నారు. ఆ టేబుల్ మీద కుట్టుమిషన్ పెట్టుకుంటానులే అని నవ్వబోయి ఏడ్చారు. నేనూ ఏడ్చాను. సెలవులకి నేను కూడా వస్తాను అక్కయ్యా అన్నాను. రా, ముగ్గురం పడుకోవడానికి చోటుంది అన్నారు.

సూట్‌కేసు నేనే అటక మీదికి ఎక్కించాను. స్టూలు పిల్ల పట్టుకుంది.

జూన్ 29, ఆదివారం

మంచం మీద తడి తువ్వాలు.

తిట్టాను. గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. పదహారేళ్ళొచ్చాయి, పరుపు కుళ్ళిపోతుందన్న జ్ఞానం లేదా, నీకు నేను పనిమనిషిలా కనిపిస్తున్నానా, కిటికీలో ఆ కప్పులేంటి, మ్యూజియమా అని రెండేళ్ళ బాకీ ఒక్క ఊపిరిలో తీర్చేశాను. అత్తగారు గది బయట ఆగిపోయి, ఓర్నాయనో అన్నారు. పిల్ల తువ్వాలు విసురుగా లాక్కుని, ఛీ, ఈ ఇంట్లో మనశ్శాంతి లేదు అని కాళ్ళు నేలకేసి కొడుతూ వెళ్ళి ఆరేసింది. పైన తీగ మీద, వంకరగా.

వంటింట్లోంచి చూశాను. ఆరేస్తూ పాట పాడుకుంటోంది.

జూన్ 30, సోమవారం

‘మినహాయించు’ ఇచ్చేశాను. అర్థాలు రెండు, వాడుకలు తొమ్మిది. రేపటి నుంచి ‘మిన్నకుండు’. మూడు రోజుల్లో ఇస్తానన్నాను.

జులై 2, బుధవారం

సాయంత్రం బజారులో జనం మధ్య తప్పిపోయాం. వీధి అవతలి నుంచి పిలిచింది. దగ్గలేదు. అందరూ వినేలా పిలిచింది.

ఏమని పిలిచిందో రాయను.